సూక్ష్మజీవుల ఆటోనగరూ, చల్లటి దండలూ

మే నెలలో విజయవాడకు బుద్ధి ఉన్నవాడెవడూ వెళ్లడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా ఆ నెలలో అక్కడ ఉండరనీ, వీధుల్లో తిరుగుతున్నట్టు కనిపించేదంతా వాళ్ల తాలూకు ఆవిరేననీ నా గట్టి నమ్మకం. అయినా నేను వెళ్లాను. ప్రాణాలతో తిరిగొచ్చాను కూడా. మీరు ఇంట్లో కూర్చునే ఆ అనుభవం పొందాలని, పొంది అక్కడితో తృప్తిపడాలని ఇది రాస్తున్నాను.

దీనికంతటికీ కారణం కరీముల్లా. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు మూడేళ్లు నాతో ఒకే హాస్టలు గదిలో ఉన్నాడు. అనంతపురం నుంచి వెళ్లిన నాకు గోంగూర తినడం నేర్పిందీ, తిన్నాక వచ్చిన కడుపునొప్పికి మందు తెచ్చిందీ వాడే. ఇప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లో చేపలూ రొయ్యలూ ఐసు వేసి పంపే థర్మోకోల్ డబ్బాలకు హోల్‌సేల్ వ్యాపారి. వాడొక రోజు ఫోన్ చేశాడు.

"ఒరే ఓబులేసూ, మా అమ్మాయి రజియా ఉపన్యాసం ఇస్తోందిరా, యూనివర్సిటీలో. నువ్వు వచ్చి తీరాలి."

"దేని మీద?"

"సింథటిక్ బయాలజీ."

సింథటిక్ అన్న మాట నేను అంతవరకు చీరల కొట్లో తప్ప ఎక్కడా వినలేదు. "అంటే ఏమిటప్పా?" అన్నాను.

"నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? నువ్వు పుస్తకాలు రాస్తావు కదా. నా పక్కన కూర్చుని ఆ పిల్ల ఏం చెబుతోందో నా చెవిలో చెప్పు."

నేను రాసినవి నవ్వుల పుస్తకాలు. వాటిలో సైన్సు అంటూ ఉంటే అది మా ఆవిడ కాఫీలో ఎన్ని నీళ్లు కలుపుతుందన్న లెక్కే. ఆ మాట చెప్పేలోగా వాడు ఫోన్ పెట్టేశాడు.

స్టేషన్ బయట

మా అనంతపురంలో ఎండకు ఒక మర్యాద ఉంది. నెత్తిన పడుతుంది, నీడలోకి వెళితే వదిలేస్తుంది. బెజవాడ ఎండ నీడలోకి వెంట వస్తుంది. ఫ్యాను కింద పక్కనే కుర్చీ వేసుకుంటుంది. స్నానం చేసి తుడుచుకుంటూ ఉండగానే మళ్లీ తడిపేస్తుంది. రైలు దిగి స్టేషన్ బయటకు వచ్చేసరికి నా చొక్కాను పిండితే మా ఊరి చెరువు నిండేది.

మా ఊళ్లో ఆటోవాడు "ఎక్కుతావా, పొమ్మంటావా?" అంటాడు. అందులో దాపరికం లేదు. ఇక్కడి ఆటో ఆయన చేతులు కట్టుకుని, "ఎక్కండి సార్, మీరు ఎంతిస్తే అంతేనండీ," అన్నాడు. ఇంత మంచివాడిని చూసి కళ్లు చెమర్చాయి. దిగాక నేను ఇచ్చినది చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "అదేంటండీ, పెద్దవారు మీరు, ఇలాగిస్తే ఎలాగండీ?" అంటూ అండీ మీద అండీ పేర్చి, నా మర్యాద నిలబెట్టడానికే అన్నట్టు రెట్టింపు తీసుకున్నాడు. ప్రపంచంలో ఇంత గౌరవంగా జేబు ఖాళీ చేసే ఊరు ఇంకోటి ఉండదు.

దారిలో, "ఎండ భరించలేం కదయ్యా," అన్నాను.

ఆయన అద్దంలో నన్ను జాలిగా చూశాడు. "ఇదేం ఎండండీ! ఇంకా రోహిణి కార్తె రాందే!"

నేను అక్కడున్నంతకాలం ప్రతి మనిషీ నాతో ఈ మాట అన్నారు. సోడా కొట్టాయన అన్నాడు. మందుల షాపాయన అన్నాడు. ఎండదెబ్బకు పడిపోయి, మొహాన నీళ్లు చల్లితే లేచి కూర్చున్న ఒక పెద్దాయన కూడా, కళ్లు పూర్తిగా తెరవకుండానే, "ఇదేం ఎండండీ," అన్నాడు.

వన్‌టౌన్‌లో పంచాయితీ

వన్‌టౌన్ వీధులు ఎంత ఇరుకంటే, ఎదురుగా వచ్చిన తోపుడు బండికి దారి ఇవ్వడానికి నేను ఊపిరి బయటకు వదిలి, అది వెళ్లాక మళ్లీ పీల్చుకోవాల్సి వచ్చింది. కరీముల్లా కొట్టు ముందు తెల్లటి డబ్బాలు మేడ ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక ఎక్కడో వాడున్నాడు. వాడి గొంతుకన్నా ముందు ఒక ఆడగొంతు వినిపించింది.

"నీ డబ్బాలు డబ్బాలేనా కరీముల్లాగారూ? నా పండుగొప్ప చేపలు హైదరాబాదు పొయ్యేసరికి మెత్తబడిపోయినయ్యంట! కొనేవాడు ఫోన్లో తిట్టిన తిట్లు వింటే మీకు తెలిసేది."

ఆవిడ పేరు నాగేశ్వరమ్మ. బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఇంట్లో మగవాళ్లు వేటకు పోతే, ఈవిడ చేపలు కొని హైదరాబాదు పంపుతుంది. చేతిలో డబ్బా మూత డాలులాగా పట్టుకుని ఉంది.

"డబ్బా మంచిదేనమ్మా," అన్నాడు కరీముల్లా, ఎంతో శాంతంగా. "నువ్వే ఐసు తక్కువ వేసుంటావు."

"నేను ఐసు తక్కువ వేశానా? నా చేతులు చూడు, ఐసు పోసీ పోసీ ఎట్లా అయినయ్యో!"

"అయితే లారీవాడు దారిలో మూత తీసుంటాడు."

"లారీవాణ్ణి అడిగితే డబ్బాకి చిల్లుందన్నాడు. డబ్బా ఆయన్ని అడిగితే ఐసంటాడు. ఐసు ఆయన్ని అడిగితే లారీ అంటాడు. చేపని అడుగుదావంటే దానికి నోరు లేదాయె!"

ఈ గొడవ వాళ్లిద్దరికీ కొత్త కాదట. వారానికోసారి ఆవిడ వస్తుందట, తిడుతుందట, వెళ్లేటప్పుడు మళ్లీ వాడి దగ్గరే డబ్బాలు కొంటుందట. ఇంకోచోట కొంటే ఇంత చనువుగా తిట్టనివ్వరు కదా అని ఆవిడే నాతో చెప్పింది. నేను చెమట తుడుచుకుంటుంటే చూసి, "ఏవూరండీ తవరిది? ఇదేం ఎండండీ!" అని కూడా అంది.

భోజనమనే దాడి

కరీముల్లా ఇంట్లో ఆ మధ్యాహ్నం నా మీద జరిగినదాన్ని భోజనం అనడానికి మనసొప్పడం లేదు. మాంసం పలావు, దాల్చా, రొయ్యల ఇగురు, గోంగూరలో వండిన మటన్, ఇవన్నీ తిన్నాక నేను తప్పించుకుపోతానేమోనని గడపలో అడ్డంగా పెట్టిన పెరుగన్నం. మా వైపు రాగి సంగటి ముద్ద ఒకటి, వేరుశెనగ చట్నీ ఒకటి పెడితే అతిథి లేచి దణ్ణం పెడతాడు. ఇక్కడ అతిథి లేవలేకపోతేనే మర్యాద జరిగినట్టు లెక్క.

"చాలు చెల్లెమ్మా," అన్నాను కరీముల్లా భార్యతో, రెండు చేతులూ విస్తరి మీద పెట్టి.

"అన్నయ్యగారూ, మీ వేళ్ల సందుల్లోంచి వేస్తాను, కదలకండి," అంది ఆవిడ. వేసింది కూడా.

రజియా నా ఎదురుగా కూర్చుని నవ్వుతోంది. ముప్పై ఏళ్ల పిల్ల. పై ఊళ్లలో పీహెచ్‌డీ చేసి, కావాలని వెనక్కి వచ్చి, కంకిపాడు అవతల పొలాల మధ్య ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది. యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే వాళ్లు చదివి మళ్లీ పిలిచి సన్మానం చేసే ప్రమాదం ఉంది.

"రజియా తల్లీ," అన్నాను, "రేపు మీ నాన్న చెవిలో నేను ఏం చెప్పాలో ఇప్పుడే చెప్పు."

"బాబాయ్, ఆటోనగర్ చూశారా?"

బెజవాడలో ఆటోనగర్ చూడనివాడు ఉండడు. లారీ అంటే కంపెనీ నుంచి వచ్చేది చట్రమూ ఇంజనే. క్యాబినూ, బాడీ, మెట్లూ, వెనకాల రంగుల బొమ్మా అన్నీ ఇక్కడ బిగిస్తారు. ఒక లారీ హారను ఇంకో లారీకి, ఒక బండి గేరుబాక్సు మరో బండికి పెట్టి రోడ్డెక్కిస్తారు.

"మేమూ అదే చేస్తాం," అంది రజియా. "చట్రం సూక్ష్మజీవిది. దాని డీఎన్ఏలోకి వేరే జీవుల ముక్కలు తెచ్చి బిగిస్తాం. ఒకదాని స్విచ్చి, ఇంకోదాని రంగు. అది పుట్టాక ఎప్పుడూ చెయ్యని పని దానిచేత చేయిస్తాం."

అంటే నా కూతురులాంటి ఈ పిల్ల సూక్ష్మజీవులకు ఆటోనగర్ పెట్టింది. లోకంలో ఈ శాస్త్రం పేరు వినపడటం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదట. పెద్ద పెద్ద దేశాల్లోనే ఇంకా స్పానర్లు వెతుక్కుంటున్నారట.

"మరి నీ సూక్ష్మజీవి ఏం చేస్తుందమ్మా?"

"సాక్ష్యం చెబుతుంది." పిల్ల కళ్లు మెరిశాయి. "నాన్న కొట్లో నాగేశ్వరమ్మగారి గొడవ విన్నారుగా? చిన్నప్పట్నుంచీ నేను వింటున్నాను. చేప ఎక్కడ వెచ్చబడిందో ఎవరికీ తెలియదు, అందరూ పక్కవాడి మీద నెడతారు. అందుకని చిటికెనవేలంత ట్యూబు చేశాను. మూత సీలు వేసి ఉంటుంది. దాన్ని ఐసు డబ్బాలో చేపతోపాటు పెట్టాలి. చల్లగా ఉన్నంతసేపూ లోపలి సూక్ష్మజీవులు నిద్రపోతాయి, ట్యూబు పాలలాగా తెల్లగా ఉంటుంది. కాసేపు వెచ్చబడి ఊరుకుంటే ఏం కాదు. గంటల తరబడి వెచ్చగా ఉందనుకోండి, స్విచ్చి పడి ఎర్రగా అయిపోతుంది. మళ్లీ ఐసులో పెట్టినా తెల్లబడదు."

"అంటే దొంగ దొరికిపోతాడు."

"దొరుకుతాడు. అసలు చిక్కేమిటంటే, పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే ఇరవై అయిదు డిగ్రీలని రాస్తారు. రాసినవాళ్లు మే నెలలో బెజవాడ రాలేదు. వేరే ల్యాబుల్లో సూక్ష్మజీవుల్ని వెచ్చగా ఉంచడానికి మిషన్లు కొంటారు బాబాయ్. మాకు కిటికీ చాలు. చల్లగా ఉంచడానికే ప్రాణం పోతోంది. ఉన్నది ఒక్క ఫ్రిజ్."

అప్పుడు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. రేపు హైదరాబాదు నుంచి సుందరమూర్తి అనే ప్రొఫెసర్‌గారు వస్తున్నారు. పరిశోధనలకు గ్రాంటు ఇవ్వాలో వద్దో తేల్చేవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆయన ఒప్పుకుంటే గ్రాంటు వస్తుంది, ల్యాబు ఉంటుంది. లేకపోతే జూన్ నుంచి ఆ గదిలో ఎంసెట్ లాంగ్‌టర్మ్ బ్యాచిని కూర్చోబెడతామని చైర్మన్‌గారు చెప్పేశారు. బల్లలు కూడా కొలుచుకుని వెళ్లారట.

"ఎండలో పెట్టిన ట్యూబులు ఎర్రగా, ఫ్రిజ్‌లోవి తెల్లగా, రెండూ పక్కపక్కన చూపిస్తే చాలు," అంది. "మాటలు ఎవరూ వినకపోయినా రంగు చూస్తారు కదా."

ఇదంతా జరుగుతున్నంతసేపూ కన్నతండ్రి వంటింటి గుమ్మంలో నిలబడి, నాకు ఇంకో గరిటె పలావు పంపాలా వద్దా అని భార్యతో చర్చిస్తున్నాడు. వాడి చెవిన పడిందల్లా "ఫ్రిజ్" అన్న ఒక్క ముక్క.

కంకిపాడు దారి

తెల్లారేసరికి కరీముల్లా పూలమార్కెట్‌కు వెళ్లి వచ్చేశాడు. వేదిక మీద పెద్దలకు దండలు తెచ్చే బాధ్యత కన్వీనర్ ప్రసాదరావుగారు వాడికి అప్పగించారట. "మీరు వన్‌టౌన్‌వారు కదండీ, మీకు మార్కెట్లో తెలిసినంత మాకేం తెలుస్తుంది?" అన్నారట. ఆ మాటకు వాడు ఉబ్బిపోయి ఊళ్లో పూలన్నీ కొనేశాడు. ఒక్కొక్క దండ ఏనుగుకు కూడా కాస్త వదులవుతుంది. లిల్లీలు, గులాబీలు, మధ్యమధ్య వెండి జరీ. వాటిని తన కొట్లోని పెద్ద థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి పెట్టాడు.

రజియా ముందే వెళ్లిపోయింది. మేమిద్దరం, మాతో డబ్బా, ముగ్గురమూ బందరు రోడ్డు బస్సులో ఎక్కాం. డబ్బాకు కిటికీ పక్క సీటు దొరికింది. నాకు దొరకలేదు.

నాకు ఈ ప్రయాణంలో ఒకే ఒక్క ఆశ ఉండేది. నీళ్లు చూడాలి. కృష్ణా డెల్టా అంటే కాలవలు, కాలవల్లో నిండుగా నీళ్లు, ఒడ్డున కొబ్బరిచెట్లు అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. మా జిల్లాలో పిల్లలు వాననే బొమ్మల్లో చూస్తారు. సరే, ఆ నీళ్లు కళ్లారా చూసి, వెళ్లి మావాళ్లకు చెబుదామనుకున్నాను. కాలవ కనిపించింది. అందులో నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. చెప్పులు, విరిగిన కుర్చీ, అడుగున మిగిలిన బురదలో మెడ దాకా కూరుకుని ధ్యానం చేస్తున్న గేదెలు.

"నీళ్లేవండీ?" అని పక్క సీటాయన్ని అడిగాను, ఏడుపు గొంతుతో.

"ఎండాకాలం కట్టేస్తారండీ. జూన్‌లో వదుల్తారు. అప్పుడు రావాల్సిందండీ తవరు."

"అవును, ఎండ కూడా..."

"ఇదేం ఎండండీ!"

కంకిపాడు దాటాక కరీముల్లా డబ్బా మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. మొహం వాడిపోయింది. పూలకన్నా ముందు వాడే వాడిపోయాడు. ఐసంతా నీరైపోయి ఉంది.

"ఇదేందిరా?" అన్నాను. "ఇంటి దగ్గర నింపావు, గంట కూడా కాలేదే! డబ్బా మంచిదేనంటివి?"

వాడు అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వచ్చాడు. "అమ్మేవాణ్ణి నేను కదరా. నాకు తెలీదా దీని సంగతి?"

రెండో టిఫిను

యూనివర్సిటీ గేటు దగ్గరే ప్రసాదరావుగారు మమ్మల్ని పట్టుకున్నారు. "టిఫిన్ చేసి వచ్చాం," అన్నాం. "అది ఇంటి టిఫినండీ, ఇది యూనివర్సిటీ టిఫిన్," అన్నారు. నన్ను కూర్చోబెట్టి నెయ్యిలో ఈదే ఇడ్లీలు, మీద కారప్పొడి, పక్కన ఉప్మా పెట్టిన పెసరట్టు ఒకదాని వెనక ఒకటి వడ్డించారు. నేను మూడో పెసరట్టుతో యుద్ధం చేస్తుండగా కరీముల్లా డబ్బా నెత్తిన పెట్టుకుని ఎటో మాయమయ్యాడు. తిరిగొచ్చేసరికి వట్టి చేతులతో, పెళ్లి పెద్దలాగా వెలిగిపోతున్నాడు.

"దండలేవిరా?"

"చల్లగా ఉన్నయ్యి. మా అమ్మాయి ల్యాబులో మంచి ఫ్రిజ్ ఉంది. అందులో పెట్టి తలుపేశాను."

"పట్టాయా అంతేసి దండలు?"

"ఏవో సీసాల స్టాండొకటి అడ్డం వస్తే తీసి కిటికీలో పెట్టాన్లే."

నోట్లో పెసరట్టు ఉంది. మింగేలోగా మైకులో నా పేరు వినిపించింది.

ఫ్యాన్లు ఆపిన సభ

వేదిక మీదకు ఎవరిని పిలవాలో తేల్చుకోలేక అందరినీ పిలిచారు. "వేదికనలంకరించవలసిందిగా" అంటూ చైర్మన్‌గారిని, ఆయన బావగారిని, ప్రొఫెసర్ సుందరమూర్తిగారిని, డీన్‌లను, మాజీ డీన్‌లను, కాబోయే డీన్‌లను పిలిచారు. చివరికి "రాయలసీమ నుంచి విచ్చేసిన ప్రముఖ సాహితీవేత్త ఓబులేసుగారిని" కూడా పిలిచారు. కింద కుర్చీల్లో మిగిలినవాళ్లకన్నా పైన మేమే ఎక్కువమందిమి. ఉపన్యాసం ఇవ్వాల్సిన రజియాకు మాత్రం పైన కుర్చీ లేదు. ప్రొజెక్టర్ వైరు పట్టుకుని గోడవారగా నిలబడింది.

ఆ పిల్లకు సంగతి చెబుదామని లేచాను. ప్రసాదరావుగారు నా భుజం పట్టి కూర్చోబెట్టారు. మళ్లీ లేచాను. "కంగారేం లేదండీ, మీ వంతు వస్తుంది," అని మళ్లీ కూర్చోబెట్టారు.

తర్వాత జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం ఆరిపోతుందని హాల్లో ఫ్యాన్లన్నీ ఆపేశారు. మే నెల, కృష్ణా డెల్టా, రేకుల కప్పు, ఫ్యాన్లు ఆపేశారు. అయిదు వత్తులు, అయిదుగురు పెద్దలు, ఒక్కొక్కరికీ నాలుగేసి అగ్గిపుల్లలు. దీపం వెలిగింది. ఫ్యాన్లు మళ్లీ వెయ్యాలన్న సంగతి అందరూ మరిచిపోయారు. మరిచిపోలేదేమో, పెద్దలు వెలిగించిన దీపాన్ని ఆర్పిన పాపం ఎవరు మోస్తారని ఊరుకున్నారేమో. నా మటుకు నేను ఇడ్లీ పాత్రలో ఇడ్లీ ఏమనుకుంటుందో ఆ రోజే తెలుసుకున్నాను.

"సమయాభావం వల్ల రెండే మాటలు" అంటూ ఒక్కొక్కరూ రెండేసి వేల మాటలు మాట్లాడారు. చైర్మన్‌గారు తన బాల్యం నుంచి మొదలుపెట్టి, భోజనం వేళకు పెళ్లి దాకా వచ్చారు. సుందరమూర్తిగారు గడియారం చూసుకుంటున్నారు. మధ్యాహ్నం ఆయనకు రైలు.

అప్పుడు దండలు వచ్చాయి.

మామూలుగా దండ వేయించుకున్న పెద్దమనిషి ఏం చేస్తాడు? ఫొటో అవగానే తీసి ముందున్న బల్ల మీద పడేస్తాడు. ఆ రోజు ఎవరూ తియ్యలేదు. చైర్మన్‌గారి మెడలో దండ పడగానే ఆయన "అబ్బ!" అన్నారు. ఆయన బావగారు "ఓహో!" అన్నారు. సుందరమూర్తిగారు కళ్లు మూసుకుని, దండను రెండు చేతులా గుండెకు హత్తుకున్నారు. నా మెడలోనూ పడింది. ఆహా! ఆ చల్లదనం వీపు మీదుగా నడుము దాకా జారిన ఆ క్షణాన్ని నేను చచ్చేదాకా మరవను. విజయవాడలో నేను హాయిగా ఊపిరి తీసుకున్నది అదొక్కసారే. పైనున్న అందరమూ దండలు దుప్పట్లలాగా కప్పుకుని కూర్చున్నాం. కింద మూడో వరుసలో కరీముల్లా, వాడి పక్కన, రజియా ప్రత్యేక అతిథిగా పిలిపించిన నాగేశ్వరమ్మ. వాడు ఆవిడకు చెబుతున్నాడు: "దండలు మనవేనమ్మా."

ఎరుపు

ఉపన్యాసానికి మిగిలింది కాస్త సమయమే. రజియా గబగబా ట్యూబులు తేవడానికి ల్యాబుకు పరుగెత్తింది. తిరిగొచ్చిన పిల్ల మొహంలో నెత్తురు లేదు. చేతుల్లో రెండు స్టాండ్లు. రెండింట్లోనూ ట్యూబులన్నీ దానిమ్మగింజల్లాగా ఎర్రగా ఉన్నాయి.

రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. హాలు గుసగుసలాడింది. చైర్మన్‌గారు ప్రసాదరావుగారి వైపు వంగి, "బల్లలు ఎన్ని పడతాయన్నారు?" అని అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

"ఒక స్టాండు ఎండలో పెట్టాను," అంది రజియా చివరికి. "రెండోది ఫ్రిజ్‌లో పెట్టాను. అది తెల్లగా ఉండాలి."

"కానీ ఎర్రగా ఉంది కదమ్మా," అన్నారు సుందరమూర్తిగారు, దండ లోపల నుంచి. కటువుగా అనలేదు, కానీ అడిగారు. "అన్నీ మొదటినుంచీ ఎర్రగానే ఉన్నాయేమోనని ఎవరైనా అంటే?"

రజియా ఆయన వైపు చూసింది. ఆయన మొహాన్ని కాదు, మెడను చూసింది. తర్వాత చైర్మన్‌గారి మెడను చూసింది. తర్వాత నా మెడను చూసింది. నేను దండ వెనక దాక్కున్నాను.

"సార్," అంది నెమ్మదిగా, "ఒకసారి మీ దండ ముట్టుకుని చూడండి. చల్లగా ఉందా?"

"చాలా చల్లగా ఉందమ్మా."

"ఈ హాల్లో ఇంత ఎండలో పూలు ఎందుకు చల్లగా ఉన్నాయి సార్? ఈ బిల్డింగులో ఫ్రిజ్ ఒక్కటే ఉంది. అందులో దండలున్నాయంటే, కిటికీలో దొరికిన ఈ స్టాండు గంటల తరబడి బయట ఉన్నట్టే. నాకెవరూ చెప్పలేదు. ఈ ట్యూబులే చెబుతున్నాయి."

పెద్దలందరూ తమ తమ దండలు తడుముకున్నారు. సుందరమూర్తిగారి పెదవి చివర నవ్వు కదిలింది, కానీ మనిషి వదల్లేదు. "బాగుంది. అయితే ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఇవి తెల్లగా ఉండేవని ఎవరు చూశారు?"

పిల్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు, నేను పెసరట్టు దగ్గరున్నాను. జవాబున్న మనిషి మూడో వరుసలో కూర్చుని, తన చేతులవైపు చూసుకుంటున్నాడు. ఆ క్షణంలో వాడికి ఉపన్యాసమంతా అర్థమైపోయింది. చెవిలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కరీముల్లా లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మొహం నిండా చెమట.

"నేను చూశానండీ."

అందరూ వెనక్కి తిరిగారు.

"నేనే తీశానండీ. అమ్మాయి తండ్రిని. దండలు వాడిపోతాయని ఫ్రిజ్‌లో పెట్టి, ఆ స్టాండు కిటికీలో పెట్టాను. తీసేటప్పుడు తెల్లగా ఉన్నయ్యండీ. అన్నీ తెల్లవే, పాలలాగా. ఒక్కటి కూడా ఎర్రది లేదు. నా చేత్తో పట్టుకున్నాను." కూతురివైపు చూశాడు. "అది చెప్పేది నిజమేనండీ. తప్పు నాది."

అప్పుడు నాగేశ్వరమ్మ చప్పట్లు కొట్టింది. ఒక్కతే, పెద్దగా. "దొరికావా కరీముల్లాగారూ! ఇన్నేళ్లూ నా ఐసంటివి, లారీవాడంటివి! కన్నకూతురే పట్టిచ్చింది చూడు! అమ్మా రజియా, ఆ గొట్టాలు నాకో వంద కావాల!"

హాలు పగలబడి నవ్వింది. చైర్మన్‌గారు నవ్వాలా వద్దా అని ప్రొఫెసర్‌గారి మొహం చూశారు. ప్రొఫెసర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, నవ్వీ నవ్వీ.

"చేసినవాడికి తాను పరీక్ష చేస్తున్నట్టు తెలీదు, చూపించేవాళ్లకు అది జరిగినట్టు తెలీదు," అన్నారు ఆయన. "ఇలాంటి పరీక్ష పెట్టాలంటే మాకు తలప్రాణం తోకకొస్తుందమ్మా. మీ నాన్నగారు దండలతో పెట్టేశారు. ఇంకో నాలుగు రకాలుగా చేసి చూపించాలి నువ్వు, ఆ సంగతి మర్చిపోకు. చెయ్యడానికి కావలసింది నేను రాస్తాను."

రైలుకు వేళైందని దండతోనే కారెక్కారు. ఎవరో తియ్యబోతే, "ఉండనివ్వండి, స్టేషన్ దాకా చల్లగా ఉంటుంది," అన్నారట.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు కరీముల్లా ఒళ్లో ఖాళీ డబ్బా. పక్కన కూతురు. కంకిపాడు దగ్గర రజియా ఆ డబ్బా మూత ఎత్తి, అడుగున వేలు పెట్టి చూసి, నెమ్మదిగా, "నాన్నా, దీనికి చిల్లుంది," అంది. వాడు కిటికీలోంచి ఎండిన కాలవను చూడటంలో మునిగిపోయాడు.

ఇంటికి చేరాక

అనంతపురం వచ్చాక రెండు రోజులు నేను మా ఎండలో హాయిగా కూర్చున్నాను. ఎంత పొడి ఎండ, ఎంత మర్యాదగల ఎండ! "ఇంత మండిపోతుంటే బయట కూర్చున్నారేమిటి?" అంది మా ఆవిడ. "ఇదేం ఎండండీ!" అన్నాను. డాక్టరుకు చూపించుకోమంది.

జూన్‌లో కరీముల్లా ఫోన్ చేశాడు. కాలవల్లో నీళ్లు వదిలారట. గ్రాంటు కాగితం వచ్చిందట, ల్యాబు రజియాకే ఉందట. ఎంసెట్ బ్యాచిని సెమినార్ హాల్లో కూర్చోబెట్టారట, ఫ్యాన్లు వేసి.

"గ్రాంటొచ్చిందని ఇంకో సభంట, ఈసారి పందిట్లో పెడతారంటరా. దండల బాధ్యత మళ్లీ నాదే. నువ్వు రావాల," అన్నాడు.

"దండలెక్కడ పెడతావు?" అన్నాను.

వాడు కొట్టుకు అడ్డంగా వచ్చిన తోపుడు బండివాణ్ణి తిట్టి పంపి, మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"నా డబ్బాలోనేరా," అన్నాడు చివరికి. "కొత్త రకం డబ్బాలు తెప్పించాను. లోపల అమ్మాయి ట్యూబొకటి పెడతాను. తెల్లగా ఉంటే నాగేశ్వరమ్మకి చూపిస్తా."

"ఎర్రబడితే?"

"ఎర్రబడితే నీకు చెప్పను," అని ఫోన్ పెట్టేశాడు.